నష్టభయ మెవరిది?

ఉత్పత్తి పంపక ఒప్పందము వ్రాసికొని చమురు వెదక వచ్చిన కంపెనీ తన సొమ్మును తానే పెట్టుకొనును. బావి వట్టిదైనచో నష్టము దానిదే. చమురో గ్యాసో పడినచో ప్రభుత్వమునకు వాటా వచ్చును. కావున ప్రజకు పోవునది యేమియు లేదు. ఈ వాదము ముప్పది యేండ్లుగా మన దేశమున చెప్పినవారే చెప్పుచు, విన్నవారే వినుచు, తుదకు ప్రశ్నింపరాని సూత్రముగా స్థిరపడినది. ఒకవైపు ఎల్లందు, మఱొకవైపు కొత్తగూడెము పొరుగుగా గల జూలూరుపాడు వంటి చోట్ల ఈ సూత్రమునకు ఒక అనుబంధముకూడ చేరినది: నేలక్రింద బొగ్గున్నచోట గ్యాసు ఉండి తీరును, ఉన్నదానిని తీయనీయకుండుట పేదఱికమును కోరి తెచ్చుకొనుటయే యని. జూలూరుపాడు పొలములలో నేడు చమురు బావి యేదియు లేదు. ఆ సంగతి మొదటనే చెప్పుచున్నాను. కాని ఒప్పందము బావి పడిన తరువాత వ్రాయబడునది కాదు, బావికి ముందే వ్రాయబడునది. వ్రాసిన పిమ్మట పాతికేండ్లు చెల్లుబడి యగునది. కావున దానిని గూర్చి తర్కింపవలసిన సమయము రిగ్గు వచ్చిన దినము కాదు, రిగ్గు రాని యీ దినమే.

ముందుగా ప్రతిపక్షమునకు చెందవలసిన న్యాయము చెందవలయును. చమురు అన్వేషణమున త్రవ్విన బావులలో పెక్కు వట్టిపోవుననుట నిజము. బడికిని ఆసుపత్రికిని చాలని ఖజానాతో ప్రభుత్వము ఆ జూదమాడరాదనుటయు సమంజసమే. 1991 నాటి విదేశమారక ద్రవ్యపు సంకటము తరువాత, బయటి మూలధనమును పిలువక గత్యంతరము లేదని నాటి పాలకులు తలచుటలో కారణము లేకపోలేదు. రాజస్థానములోని బాడ్మేరు వారి పక్షమున బలమైన సాక్ష్యము: అచ్చట 1995 మే నెలలో ఒప్పందము కుదిరినది, తొలుత వచ్చిన పెద్ద కంపెనీ విరమించుకొన్నను చిన్న కంపెనీ పట్టు విడువలేదు, 2004లో మంగళ క్షేత్రము బయటపడి, 2009 ఆగస్టులో చమురు పారనారంభించినది. ఎడారి యిసుకలో ఏమియు లేదని యనుకొన్నచోట దేశములో నేలమీది చమురు క్షేత్రములలోకెల్ల పెద్దవానిలో నొకటి లభించినది. ఇది కాదనరానిది. ఇంతవఱకు ఆ వాదము నిలుచును. దీనినుండి "ప్రజకు పోవునది యేమియు లేదు" అను నిర్ణయమునకు దాటుచోటనే అది కూలును.

1. నష్టభయమంతయు కంపెనీదే యను మాట

కంపెనీ మోయు నష్టభయము ఒక్క దశకు సంబంధించినది. అన్వేషణము విఫలమైనచో పెట్టిన సొమ్ము పోవును, అంతే. కాని నిక్షేపము బయటపడిన మఱుక్షణమున, అంతవఱకు పెట్టినదియు, ఇకముందు పెట్టబోవునదియు, బావుల వెలయు, గొట్టముల వెలయు, యంత్రముల అద్దెయు, నిపుణుల జీతములును, సమస్తమును ఆ వచ్చిన చమురునుండియే మొదటగా వసూలు చేసికొను హక్కు దానికి లభించును. దీనినే వ్యయ పెట్రోలియ మందురు. వ్యయము తీరిన పిమ్మట మిగిలినదానికి లాభ పెట్రోలియమని పేరు. పంపకము జరుగునది ఆ మిగులులోనే. ఎడ్ల మేతయు, విత్తనమును, నాగలి వెలయు, తన యింటి తిండి ఖర్చును తానే లెక్కకట్టి ముందు కళ్ళములోనే కొలిచికొని, అడుగున మిగిలిన గింజలలో భాగము పంచెదనను పాలికాపుతో మన రైతు లెవ్వరైనను ఒడంబడుదురా? ఒడంబడినచో ఆ లెక్క తానును వ్రాసికొనకుండునా?

100 రూపాయల గ్యాసు అమ్ముడైనదనుకొందము. అందులో 90 వఱకు వ్యయము క్రింద తీసికొనుటకు ఒప్పందము అనుమతించినదనుకొందము. మిగిలిన 10 లో ప్రభుత్వపు వాటా పదవ వంతు మాత్రమే యైనచో చేతికి వచ్చునది ఒక్క రూపాయి. రాయల్టీ వేఱు, దాని సంగతి పిదప చెప్పుదును. ఇది కేవలము ఊహాచిత్రము కాదు. కాకినాడ కెదురుగా సముద్రములో నున్న కేజీ-డి6 బ్లాకు ఒప్పందములో ప్రభుత్వపు వాటా తొలి మెట్టున 10 శాతము, తుది మెట్టున 85 శాతము. పై మెట్టు నెక్కునది ఎప్పుడు? కంపెనీ పెట్టిన పెట్టుబడికి దాని కూడబెట్టిన రాబడి ఇన్ని రెట్లైనదని తేలినప్పుడు. ఈ నిష్పత్తిలో పెట్టుబడి హారమున నున్నది. హారము పెరిగినకొలది నిష్పత్తి తగ్గును. నిష్పత్తి తగ్గినంత కాలము ప్రభుత్వము క్రింది మెట్టుననే నిలిచియుండును. అనగా ఖర్చు పెంచిన వానికి రెండు లాభములు: పెట్టిన ఖర్చు వసూలగును, పొరుగువాని వాటా పెరుగుట ఆలస్యమగును. పొదుపు చేసినవానిని శిక్షించి, దుబారా చేసినవానిని సన్మానించు ఈ యేర్పాటును ఒప్పందపు హృదయమున నిలిపి, నష్టభయము కంపెనీదే యనుట తర్కమునకు నిలుచునా?

అదే బ్లాకులో 2004 నాటి అభివృద్ధి ప్రణాళికలో దాదాపు 240 కోట్ల డాలర్లుగా నున్న వ్యయపు అంచనా, 2006 నాటి సవరణలో రెండు దశలకు కలిపి 880 కోట్ల డాలర్లకు పెరిగినది. ఉత్పత్తి లక్ష్యము దినమునకు 4 కోట్ల ఘనమీటర్లనుండి 8 కోట్లకు పెంపబడినది. 2009 ఏప్రిలులో గ్యాసు వచ్చినది. 2010లో శిఖరమునకు చేరినది. ఆ 8 కోట్ల గీతను ఎన్నడును తాకకయే పతనమైనది. దానిని నమ్ముకొని గోదావరి ఒడ్డున వేమగిరి, జేగురుపాడు మొదలగుచోట్ల నిర్మించిన విద్యుత్ కేంద్రములు ఇంధనము లేక ఏండ్ల తరబడి పనిలేక పడియున్నవి. వానికి అప్పిచ్చిన బ్యాంకులలో పెక్కు ప్రజల బ్యాంకులే. కంట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2011 నివేదికలో ఈ ఒప్పందపు నిర్మాణమునే తప్పుపట్టినది. 2012 డిసెంబరులో రంగరాజన్ సంఘము, వ్యయపు వసూలుపై ఆధారపడిన పద్ధతినే విడిచి, మొత్తము రాబడిలో మొదటి రూపాయినుండి వాటా తీసికొనుట మేలని సిఫారసు చేసినది. వీరెవ్వరును పెట్టుబడికి శత్రువులు కారు.

ఇక "కంపెనీ" అనగా ఎవరు? ఈ ప్రశ్న నెవ్వరును వేయరు. గుజరాతు ప్రభుత్వపు సంస్థయైన జి.ఎస్.పి.సి. మన కాకినాడ తీరమునకే వచ్చి బ్లాకు గొని, 2005లో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాసు కనుగొన్నామని చాటి, వేలకోట్ల అప్పులలో మునిగినది. చాటినంత గ్యాసు రాలేదు. 2017లో అందులోని 80 శాతము వాటాను ఓ.ఎన్.జి.సి. దాదాపు 120 కోట్ల డాలర్లకు కొని ఆ భారమును తన నెత్తిన పెట్టుకొన్నది. అప్పు చేసినది ప్రజల సంస్థ, తీర్చినది ప్రజల సంస్థ. నేలమీది బ్లాకులలోను ఓ.ఎన్.జి.సి. వంటి ప్రభుత్వ సంస్థలే ప్రధాన భాగస్వాములుగా నున్నప్పుడు, నష్టభయము కంపెనీదే యన్న వాక్యమునకు నష్టభయము ప్రజలదే యని తప్ప వేఱు అర్థము లేదు.

2. లెక్కలు ప్రభుత్వము చూచుకొనును గదా యను ధీమా

ఒప్పందములో మేనేజ్‌మెంటు కమిటీ యున్నది, ప్రభుత్వ ప్రతినిధులున్నారు, తనిఖీకి అధికారమున్నది, నిజమే. రావ్వ సంగతి చూడుడు. అమలాపురము దిక్కున సముద్రపు అంచుననే యున్న ఆ క్షేత్రమునకు 1994 అక్టోబరులో ఒప్పందము కుదిరినది. మూల అభివృద్ధి వ్యయమునకు 18 కోట్ల 89 లక్షల డాలర్ల చిల్లర పరిమితిగా ఆ ఒప్పందములోనే వ్రాసియున్నది. వ్యయము పరిమితిని దాటినది. దాటినదానిని వసూలు చేసికొనవచ్చునా, కూడదా యని వివాదము పుట్టినది. కౌలాలంపూరులో కూర్చున్న మధ్యవర్తులు 2011లో కంపెనీల పక్షమున తీర్పు చెప్పి, దాదాపు 27 కోట్ల 80 లక్షల డాలర్లు వారు రాబట్టుకొనవచ్చునన్నారు. ప్రభుత్వము మలేషియా న్యాయస్థానములలో పోరాడి ఓడినది. 2020 సెప్టెంబరులో మన సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలు కావలసినదేనని చెప్పినది. ఒప్పందము వ్రాసిన నాటినుండి ఈ తగవు తెగువఱకు ఇరువదియాఱు సంవత్సరములు! పరిమితిని అక్షరములలో వ్రాసికొన్న ఒప్పందమునకే యిట్టి గతి పట్టినప్పుడు, పరిమితి లేని ఒప్పందపు మాట చెప్పనేల?

తీర్పు తప్పని నేననుట లేదు. న్యాయస్థానము ఒప్పందములో వ్రాసినదానిని చదువును, వ్రాయనిదానిని చదువజాలదు. దోషము వ్రాసిన చేతులది. సముద్రపు క్షేత్రమునకును మెట్టపొలపు క్షేత్రమునకును ఇందు భేదము లేదు, ఒప్పందపు అచ్చు ఒక్కటియే గనుక.

ఈ పద్ధతిని తొలుత రూపొందించిన ఇండోనీషియా 1966 నాటి మొదటి ఒప్పందముననే వ్యయపు వసూలుకు ఏటి ఉత్పత్తిలో 40 శాతమని హద్దు గీసికొని, మిగిలినదానిలో 65 పాళ్ళు తనకు నిలుపుకొన్నది. మనము వారి పద్ధతిని తెచ్చుకొని హద్దును మాత్రము వారి యింటనే విడిచివచ్చితిమి: 1999లో అమలునకు వచ్చిన నూతన అన్వేషణ లైసెన్సు విధానములో నూటికి నూఱు వఱకు వ్యయపు వసూలుకు బిడ్డు వేయనిచ్చితిమి. ఇండోనీషియాయే 2017లో కొత్త ఒప్పందములలో వ్యయపు వసూలును విడిచి స్థూల ఉత్పత్తిలో పంపకమును ప్రవేశపెట్టినది.

3. 2016తో ఆ లోపము తీరినదను సమాధానము

ఇచ్చట ప్రతిపక్షము తెలివిగా ఒక అడుగు వెనుకకు వేయును. "మీరు చెప్పునదంతయు పాతకథ; 2016 మార్చిలో ప్రభుత్వము కొత్త విధానము తెచ్చినది; ఇప్పుడు వ్యయపు లెక్క లేదు, రాబడిలోనే వాటా" అందురు. వారు చెప్పిన భాగము సత్యమే. చెప్పని భాగమే మన ప్రాంతమునకు ప్రాణప్రదమైనది.

2019 ఫిబ్రవరిలో ఆ విధానము మరల సవరింపబడినది. దేశములోని అవక్షేప బేసిన్లను మూడు తరగతులుగా విభజించి, రెండవ, మూడవ తరగతులలో రాబడి వాటా మీద బిడ్డు అవసరము లేదని, ఎవరెక్కువ పని చేసెదమని వాగ్దానము చేయుదురో వారికే బ్లాకు దక్కునని నిర్ణయించిరి. సంవత్సరమునకు 250 కోట్ల డాలర్లకు మించిన రాబడి వచ్చినచో తప్ప అచ్చట ప్రభుత్వమునకు వాటాయే లేదు. కృష్ణా–గోదావరి మొదటి తరగతి. ప్రాణహిత–గోదావరి లోయ, అనగా ఆదిలాబాదు మొదలు కొత్తగూడెము మీదుగా సత్తుపల్లి వఱకు సాగి, ఏ లోయ అంచున జూలూరుపాడు ఉన్నదో ఆ లోయ, మూడవ తరగతి.

ప్రభుత్వమునకు వాటా వచ్చునని మన ఊళ్ళలో చెప్పుచున్నవారు ఈ సంగతి నెఱిగి చెప్పుచున్నారా, ఎఱుగక చెప్పుచున్నారా? పంపక ఒప్పందపు గుణగణములను వారు వర్ణించుచుండగా, ఈ లోయలో కొత్తగా వ్రాయబడు ఒప్పందమున పంపకమే లేదు! 250 కోట్ల డాలర్ల రాబడి యనగా మహాక్షేత్రములకు మాత్రమే సాధ్యమగు మొత్తము. ఈ లోయలో ఇంతవఱకు వాణిజ్యపరమైన క్షేత్రమొక్కటియు తేలలేదు. తరగతి తక్కువ కావున కంపెనీలను ఆకర్షింపవలసి వచ్చినదని విధానకర్తలు సమర్థించుకొందురు. ఆకర్షణకై తన వాటాను వదలుకొనుట విధానమైనచో విధానమే కానిమ్ము. కాని వదలుకొన్న వాటాను చూపి గ్రామస్థుని సమ్మతి నడుగరాదు.

బొగ్గున్నచోట గ్యాసు ఉండి తీరునన్న అనుబంధమునకు ఇచ్చటనే సమాధానము. మండపేట క్షేత్రమున గ్యాసు వచ్చినది గొండ్వానా యుగపు ఇసుకరాతి పొరలనుండియే; పశ్చిమగోదావరి మెట్టలోని కొమ్ముగూడెము బావి పేరు పెట్టుకొన్న బొగ్గు–షేలు పొర, మన సింగరేణి బొగ్గుకు దగ్గఱి చుట్టమే. ఇంతవఱకు వాదము సరియే. అయితే మండపేటలో ఆ పొరలు పిన్నవయసు రాళ్ళ క్రింద వేల మీటర్ల లోతున కప్పబడియున్నవి. మన లోయలో అవే పొరలు పెక్కుచోట్ల నేలమీదనే తలయెత్తియున్నవి. 1871లో కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఎల్లందు దగ్గఱ బొగ్గును కనుగొన్నది నేలమీద బయటపడిన పొరను చూచియే గదా. గ్యాసు పుట్టుట చాలదు. అది పైకి పోకుండ ఆపు మూతరాయి కావలయును, నిలిచియుండు బోను కావలయును. నూతన లైసెన్సు విధానపు మూడవ విడతలో ఓ.ఎన్.జి.సి. ఈ ప్రాణహిత–గోదావరి బేసినులో ఒక నేలబ్లాకు తీసికొన్నది, క్షేత్రము తేలలేదు. గ్యాసు లేదని నే ననజాలను. ఉండి తీరుననువారు మాత్రము రాతిని చూచి కాదు, ఆశను చూచి చెప్పుచున్నారు.

4. జిల్లాకు ధనము వచ్చునను ఆశ

రాజ్యాంగము ప్రకారము సముద్రగర్భపు సంపద కేంద్రముది. నేలమీది చమురునకు లైసెన్సు నిచ్చునది, రాయల్టీ పుచ్చుకొనునది రాష్ట్రము. ఇది మంచి యేర్పాటే. ముడి చమురుపై 12.5 శాతము, గ్యాసుపై 10 శాతము రాయల్టీ. వాణిజ్యోత్పత్తిని త్వరగా మొదలిడినవారికి అందులోను రాయితీ. కాని ఉత్పత్తి పంపక ఒప్పందమున సంతకము చేయు పక్షము భారత ప్రభుత్వము. లాభ పెట్రోలియము చేరునది కేంద్ర ఖజానాకు. రాష్ట్రమునకు వచ్చిన రాయల్టీ హైదరాబాదు ఖజానాలో కలియును. అందులో ఇంత భాగము బావి యున్న మండలమునకు పోవలయునని నిర్బంధించు చట్టము లేదు.

బొగ్గు సంగతి యట్లు కాదు. 2015లో గనుల చట్టమునకు చేసిన సవరణచే జిల్లా ఖనిజ ప్రతిష్ఠానము లేర్పడినవి. సింగరేణి చెల్లించు రాయల్టీకి అదనముగా కొంత భాగము జిల్లాలోనే నిలిచి, గనిప్రభావిత గ్రామముల త్రాగునీటికి, బడులకు, ఆరోగ్యమునకు ఖర్చు కావలసియున్నది. ఆ ధనము సద్వినియోగమగుచున్నదా యనునది వేఱు తగవు. హక్కు మాత్రము కలదు. అదే గనుల చట్టము "ఖనిజములు" అనగా ఖనిజ తైలములు తప్ప మిగిలినవన్నియు నని నిర్వచించినది. కావున చమురు, సహజవాయువు ఆ ప్రతిష్ఠానపు పరిధికి వెలుపలివి. టన్ను బొగ్గు తీసినవాడు జిల్లాకు అచ్చియుండును. గ్యాసు తీసినవాడు అచ్చియుండడు. నూటముప్పది యేండ్లకు పైగా గనుల దుమ్ము మ్రింగి ఈ ప్రాంతము సంపాదించుకొన్న అల్పమైన హక్కు, నేలక్రింది వస్తువు పేరు మారినంతనే మాయమగును.

సింగరేణియే మఱొక విషయమున మనకు ప్రమాణము. పొరుగు కారేపల్లి మండలములోని సింగరేణి యను చిన్న గ్రామపు పేరు పెట్టుకొని 1920నుండి నడచుచున్న ఆ సంస్థలో నేడు రాష్ట్రమునకు 51 శాతము, కేంద్రమునకు 49 శాతము వాటా. ఆ సంస్థతో కార్మికునికి, నిర్వాసితునికి ఎన్ని తగవులున్నను, లాభము వచ్చినప్పుడు కార్మికుడు తన పాలు అడుగగలుగుచున్నాడు, ఎన్నికలలో దానిని గూర్చి ప్రశ్నింపగలుగుచున్నాడు. చమురు ఒప్పందమున గ్రామమునకు అట్టి స్థానమేమున్నది? వందల పుటల ఆ పత్రమున గ్రామము పక్షము కాదు. బావిలో పని చేయువారు బయటినుండి వచ్చిన సాంకేతికులు. డ్రిల్లింగు ముగిసినంతనే రిగ్గుతో పాటు తరలిపోవుదురు.

5. బావికి కావలసినది నాలుగెకరములే యను ఊరడింపు

గనికి వేల యెకరములు కావలయును, బావికి కొద్ది యెకరములు చాలునను మాట పైకి నిజమువలెనే యున్నది. ఆ కొద్ది యెకరములను దగ్గఱనుండి చూడవలయును. మొదట సర్వే బృందము వచ్చును. పొలముల కడ్డముగా గీతగీసినట్లు తీగలు పఱచి, వరుసగా చిన్న గుంతలు త్రవ్వి మందుగుండు ప్రేల్చి, నేల లోపలి ప్రతిధ్వనులను వ్రాసికొనును. అటుపై రిగ్గు నిలుపుటకు మిరపచేనును చదును చేసి మొరము పోయుదురు. బరువు లారీలు నడుచుటకు దారి వేయుదురు. డ్రిల్లింగు నడచినన్నాళ్ళు బెంటొనైటు, బెరైటు కలిపిన బురద బావిలోనికి పోయి, రాతిపొడితో కూడి పైకి వచ్చుచుండును. ఆ వ్యర్థమునకు ప్లాస్టికు పొర పఱచిన గుంట యుండును. ఎండకాలమున ఆ గుంట బాగుగనే యుండును. శ్రావణమున వాన పట్టినప్పుడు గుంట నిండి, గట్టు తెగి, క్రింది పత్తిచేనిలోనికి పొర్లినచో ఆ రైతు ఎవరి గుమ్మము తొక్కవలయును? కంపెనీ కాంట్రాక్టరును చూపును. కాంట్రాక్టరు రెవెన్యూ వారిని చూపును. రెవెన్యూ వారు పంట నమోదు అడుగుదురు.

గ్యాసు పడినచో గొట్టము కావలయును. గొట్టపు దారికి 1962 నాటి చట్టము చాలును. దాని క్రింద భూమిని కొనరు. వాడుక హక్కు మాత్రము తీసికొని, మార్కెట్టు వెలలో 10 శాతము చెల్లింతురు. భూమి రైతు పేరనే యుండును. కాని ఆ పట్టీలో ఇల్లు కట్టరాదు, బావి త్రవ్వరాదు, చెట్టు నాటరాదు. అడవి అంచున పోడు చేసికొని, 2006 అటవీ హక్కుల చట్టము క్రింద పట్టా పొందిన కోయ రైతుకు ఈ లెక్క మఱింత క్రూరము. ఆ పట్టా వారసత్వముగా సంక్రమించునే కాని అమ్మకమునకు రాదు. అమ్మకమే లేని నేలకు మార్కెట్టు వెల యేది? దానిలో పదవ వంతెంత?

ప్రమాదమును గూర్చి చెప్పినంతనే "అవి అరుదు" అందురు. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో ఓ.ఎన్.జి.సి. బావి బ్రద్దలై మంట లేచినది. అది ఆరుటకు 65 దినములు పట్టినది. చుట్టుపట్ల గ్రామములు ఖాళీ చేసి, కొబ్బరితోటలు మాడగా, రాత్రియు పగలుగా వెలిగిన ఆ మంటను చూచినవారు నేటికిని ఉన్నారు. అదే ప్రాంతమున నగరము గ్రామములో 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ గొట్టమునుండి గ్యాసు కారి, మంట అంటుకొని ఇరువదిమందికి పైగా కాలి చనిపోయిరి. నిద్రలేచి టీ కొట్టు తెఱచువారు, పిల్లలు. పొడి గ్యాసుకై వేసిన గొట్టమున తడి గ్యాసు పారగా లోపల తుప్పుపట్టినది. ఇవి పంపక ఒప్పందము క్రిందివి కావు, ప్రభుత్వ సంస్థలవి యని ప్రతిపక్షము ఆక్షేపింపవచ్చును. ఔను, నేలలోని ఒత్తిడికి ఒప్పందము ఏ రకముదో తెలియదు. దశాబ్దముల అనుభవమున్న సంస్థల చేతులలోనే యిట్లు జరిగినచో, వ్యయపు వసూలు లేని కొత్త ఒప్పందమున ఖర్చు తగ్గించుకొని లాభము పెంచుకొనవలయునను సంస్థ చేతిలో నెట్లుండునో ఆలోచింపవలయును. నష్టభయమును రూపాయలలో మాత్రమే కొలుచువారికి ఈ ప్రశ్న తట్టదు. కంపెనీ పోగొట్టుకొనునది పెట్టుబడి; నగరమువారు పోగొట్టుకొన్నది అట్టిది కాదు.

ఇక చట్టపు రక్షణ. భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో అధికభాగము ఐదవ షెడ్యూలు ప్రాంతము. 1997 జూలైలో సమత కేసున సుప్రీంకోర్టు, షెడ్యూలు ప్రాంతపు భూమిని గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు గనుల కొఱకు లీజు కిచ్చుట చెల్లదని, భూ బదలాయింపు నిబంధనలలో "వ్యక్తి" యనుమాట ప్రభుత్వమునకును వర్తించునని తీర్పు చెప్పినది. చమురునకు వేఱు చట్టమున్నదని దీనిని తప్పించుకొనజూచువారు ఒకటి గుర్తింపవలయును: ఆ తీర్పునకు ఆధారమైనది కేవలము గనుల చట్టము కాదు, గిరిజనుని భూమి చేయి మారకుండ కాపాడు 1959, 1970 నాటి నిబంధనలు. భూమి అదే, నిబంధన అదే. క్రింద నున్నది బొగ్గైననేమి, చమురైననేమి?

ఈ రక్షణ యిట్లుండగా మిగిలిన తలుపులు ఒక్కొక్కటియే తెఱువబడుచున్నవి. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ చమురు, గ్యాసు అన్వేషణమునంతను బి2 తరగతిలోనికి మార్చినది; అనగా అన్వేషణ దశలో బహిరంగ విచారణ అక్కఱలేదు. 2023లో అటవీ సంరక్షణ చట్టపు సవరణ, భూకంపన సర్వేతో సహా అన్వేషణ పనులను అటవీయేతర వినియోగముగా నెంచనక్కఱలేకుండ కేంద్రమునకు అధికారమిచ్చినది. ఊరివారు మాటాడుటకు వీలున్న ఒక్క సభయు ఈ విధముగా తొలగిన పిమ్మట, "ప్రజల నుండి అభ్యంతరములు రాలేదు" అని దస్త్రములో వ్రాసికొనుట ఎంత సులభము!

6. దేశావసరమను తుది ఆయుధము

మనము వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్ళకు పైగా విదేశములనుండి వచ్చుచున్నది. కావున దేశము కొఱకు ఎవరో ఒకరు త్యాగము చేయవలయునందురు. అవసరము ఎక్కువైన కొనుగోలుదారుడు బేరము మఱింత జాగ్రత్తగా చేయవలయునే కాని, వాటా వదలుకొని, విచారణ మానివేసి, సంతకము చేయుట అవసరమునకు ఫలితము కాదు. త్యాగమను మాటకు వచ్చినచో, గోదావరికి ఆనకట్టల పేర, గనుల పేర, అభయారణ్యముల పేర ఈ కోయ గ్రామములు చేసినదానికి లెక్క చూపిన తరువాత క్రొత్తది అడుగుట మర్యాద.

ఈ వ్యాసము చమురు తీయరాదని చెప్పుటకు వ్రాయబడలేదు. ఈ లోయలో బ్లాకు వేలము వేయుటకు ముందు చేయవలసిన పనులున్నవి. వేలపు ప్రకటన వెలువడుటకు ముందే, షెడ్యూలు ప్రాంతములకు పంచాయతీలను విస్తరించు పీసా చట్టము ప్రకారము ప్రతి షెడ్యూలు గ్రామపు సభను పిలిచి, ఒప్పందపు ముసాయిదాను తెలుగులో చదివి వినిపించి, వారు లిఖితపూర్వకముగా ఒప్పుకొన్న యెడలనే ఆ గ్రామపు హద్దులను బ్లాకులో చేర్పవలయును. మూడవ తరగతి పేర వాటాను వదలుకొనుటను ఈ లోయకు రద్దుచేసి, మొదటి రూపాయినుండి స్థూల రాబడిలో వాటా తీసికొనవలయును. బొగ్గునకున్నట్లే చమురునకును జిల్లా ప్రతిష్ఠానమునకు చెల్లింపు నిర్బంధము కావలయును. దానికి కేంద్రము చట్టము సవరింపనిచో, రాష్ట్రము తన రాయల్టీలోనే నిర్ణీత భాగమును బావి యున్న మండలమునకు చట్టముచే కేటాయింపవలయును. గొట్టపు పట్టీకి పదవ వంతు కాదు, పట్టీలో కోల్పోయిన పంటకు ఏటేటా చెల్లింపు కావలయును. వ్యర్థపు గుంటకు, బావికి, గొట్టమునకు బీమాయు, నష్టపరిహారపు నిధియు డ్రిల్లింగునకు ముందే బ్యాంకులో జమకట్టబడి, కలెక్టరును గ్రామసభయు ఉమ్మడిగా సంతకము చేసినచో తప్ప కంపెనీ తిరిగి తీసికొనరాకుండ నుండవలయును. ఇవి లేని ఒప్పందము ఎవరు తెచ్చినను, ఏ పేర తెచ్చినను, జూలూరుపాడు మొదలు భద్రాచలము వఱకుగల ప్రతి పంచాయతీయు దానిని తిరస్కరించుచు తీర్మానము చేసి, తేదీ వేసి, దస్తూరి పెట్టించి పంపవలయును.